మునెప్ప నవ్వు

జూలై 8, మంగళవారం

ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేయడమేమనగా, నేటి నుండి ఈ ఇంటి ఉప్మాలో ఎండుమిరపకాయ కనిపించరాదు. కనిపించినచో వండినవారే తినవలెను. మా ఆవిడ సరోజ ఈ డైరీ చదవదు కాబట్టి శాసనం అమలుకు రాదు. నా ఏలుబడి అంతా కాగితం మీదే.

టమేటా మండీలో మైకు నాది. పొద్దున్నే జనగణమన వేస్తాను, అందరూ నిలబడతారు, ఆ తర్వాతే వేలం. మండీ పెద్ద రెడ్డెప్ప పోయిన నెల పెట్టిన పద్ధతి. ఆయన నిలబడితే కరెంటు స్తంభం సిగ్గుపడాలి. అట్లా నిలబడే, కాలి బొటనవేలితో పక్కవాడి మంచి క్రేటు తన వైపు లాక్కుంటాడు. మైకు దగ్గర నుంచి అన్నీ కనిపిస్తాయి.

ఇవాళ టీ వేళ పాడుబుద్ధి పుట్టింది. రెడ్డెప్ప నోట్లో బోండా పెట్టుకోవడం చూసి పాట మళ్లీ నొక్కాను. మండీ మొత్తం బిగుసుకుపోయింది. బోండా సగం లోపల, సగం బయట... కళ్లలో నీళ్లు. ఒక్క హమాలీ మునెప్ప మాత్రం, తలమీద క్రేట్లతో, నా వైపు చూసి, నవ్వి, నడిచిపోయి లారీ దగ్గర దించాడు. ఇది నా పనే అని వాడికి తెలుసు. నా వెధవ వేషాలన్నీ నేను మండీలో చేరినప్పటి నుంచి చూస్తున్నవాడు.

అడిగినవాళ్లకు చెప్పాను — మిషన్ దానంతట అదే మోగింది.

జూలై 10

ఎవరో వీడియో తీశారు. అందులో నేను లేను. అందరూ కదలకుండా నిలబడి ఉంటే మధ్యలో మునెప్ప నవ్వుతూ పోతున్నాడు. కింద రాత — దేశద్రోహి.

కుప్పం నుంచి చెల్లెలి ఫోను. అక్కడ కూడా అందరి ఫోన్లలో ఉందట. ఆ మనిషి నీకు తెలుసా అన్నా, అంది. ఎప్పుడో చూసినట్టుంది, అన్నాను.

జూలై 11

రెడ్డెప్ప వాళ్లు మునెప్పను పిలిపించారు. సోమవారం అందరి ముందూ నిలబడి పాడాలి, తప్పయిందని చెప్పాలి. లేదంటే హమాలీ కార్డు పీకేస్తారు.

"పాట వస్తాంటే యాల నవ్వినావో అదన్నా సెప్పు" అన్నాడు రెడ్డెప్ప.

మునెప్ప నా పేరు ఎత్తలేదు. నా వైపు కూడా చూడలేదు. చూసి ఉంటే బాగుండేది...

"రోజూ పొద్దున నిలబడతాండాను గదప్పా. ఎవురూ సెప్పకపోయినా నిలబడతా. బెదిరిచ్చి పాడమంటే మాత్రం పాడను. అట్ల పాడితే దేశానికి పాడినట్టు గాదు, నీకు పాడినట్టు."

నిరుడు జెండా తాడు పైన చిక్కుకుంటే కొయ్య ఎక్కి విడిపించింది వీడే. ఆ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇంకోటి. పాట వేసి నేను వైర్లు సవరించుకుంటూ కూర్చుంటాను. ఒక్కరోజు కూడా నిలబడలేదు. నన్నెవరూ అడగలేదు.

జూలై 12

ముద్ద దిగడం లేదు. ఒంట్లో బాగలేదా అని సరోజ. ఉప్మా పడలేదన్నాను.

చెప్పేస్తే? మైకు పోతుంది. అంతటితో ఆగుతుందా? నవ్వినవాడే దేశద్రోహి అయితే, ఆ పాటతో ఎగతాళి చేసినవాణ్ణి ఏమంటారు... స్టేషన్‌కు పిలుస్తారా? నా మొహం కూడా కుప్పం దాకా పోతుందా?

కార్డు పోతే మునెప్ప గ్రానైట్ రాళ్ల పనికి పోవాల్సిందే అంటున్నారు మండీలో. ఇప్పటికే నడుం పట్టేసి వంగలేక వంగుతున్నాడు.

జూలై 13, ఆదివారం

సరోజకు జరిగింది చెప్పి పుంగనూరు పోయాను, మునెప్ప ఇంటికి. వాడి భార్య కాఫీ ఇచ్చింది. నేను చెప్పేస్తానురా అన్నాను. వాడు ఒప్పుకోలేదు.

"నువ్వు నోరు తెరవద్దన్నా. ఇద్దరం మునిగితే ఏమొస్తాది?"

బతిమాలాను. వినలేదు. వాడి మాట కాదని ఏం చేయను? తిరుగు బస్సులో కాస్త తేలిగ్గా ఉంది.

జూలై 14, సోమవారం, పొద్దున

రెడ్డెప్ప ఫోను. మైకు తొందరగా కట్టమన్నాడు, జనం ఎక్కువ వస్తారట. మునెప్ప పాడకపోతే ఏం చేయాలో అప్పుడు చెబుతానన్నాడు.

మునెప్ప ఏమన్నాడని సరోజ అడిగింది. నిన్న రాసిందే చెప్పాను. పొయ్యి మీది గిన్నె దించి, నా మొహంలోకి చూసింది.

"నిజంగా అట్లన్నాడా?"

అన్నాడు, అన్నాను.

చొక్కా వేసుకుని కూడా ఇక్కడే కూర్చున్నాను. మండీకి పోవాలి... చేతికి పెన్ను తప్ప ఏదీ అందడం లేదు.

పుంగనూరు పోయింది నిజం. వాడి వీధి మలుపు దాకా పోయిందీ నిజం. వాడు అటు తిరిగి వాకిట్లో కొళాయి బిగిస్తున్నాడు. పిలిస్తే వినపడేంత దూరం. పిలవలేదు. కాఫీ లేదు, బతిమాలడం లేదు. నోరు తెరవద్దని వాడు నాతో అననే లేదు. ఆ మాట నేనే అల్లాను.