నాన్న రేడియోను పాడుచేసింది నా టంకం కాదు

చెల్లెమ్మా హెల్మీ,

నాన్న రేడియో నేను వేసిన టంకం వల్లే చచ్చిందని మీ ఆయన ఐనో ఇన్నేళ్లూ ప్రతి విందులో నన్ను నవ్వులపాలు చేశాడు. ఇప్పుడు విను!

నిన్న మా డులూత్ రేడియో క్లబ్బులో రేడియోలు బాగుచేసే సైమా దాన్ని విప్పింది. "నీ టంకం రాయిలా ఉంది ముసలోడా! చచ్చింది ఇదిగో, ఈ కెపాసిటర్. వాడకుండా మూలన పడేస్తే ఇవి లోపల్లోపలే పాడైపోతాయి. ఏళ్ల తర్వాత బయటికి తీస్తే మధ్యలో బల్బు కట్టి మెల్లగా కరెంటు ఇవ్వాలి. ఏ మొనగాడు తిన్నగా గోడ సాకెట్లో పెట్టాడు?" అంది.

ఎవరు? మీ గ్యారేజీలోంచి తెచ్చి, నేను ఆగమంటున్నా వినకుండా ప్లగ్గు పెట్టిన ఐనోయే!

కొత్తది వేశాం. పాడింది హెల్మీ! పోల్కా డాన్సు పాట వస్తుంటే మోకాళ్ల నొప్పి మరిచి గంతులేశాను.

రేడియో వెనక చెక్క మీ దగ్గరే ఉంది, పంపు. నీ దగ్గు తగ్గిందా? యాలకుల రొట్టె కూడా పంపు. పిల్లలు చల్లగా ఉండాలి.

తప్పు తనదేనని ఐనో అందరి ముందూ చెప్పాలి. చెప్పిస్తావా, లేదా? శనివారం ఆవిరిస్నానానికి సౌనా గది వేడెక్కేలోగా నాకు జవాబు కావాలి.

మీ అన్న ఆర్వో