శ్రావణి పైసలకు టాక్స్

శుక్రవారం రాత్రి, నజ్మా, ఖతార్

పొద్దున నా భార్య సుజాత ఫోన్ చేసి, "శ్రావణి కోసం సర్కారు ఇచ్చే పైసలకు టాక్స్ పడ్తదా?" అని అడిగింది. అమ్మానాన్నలు లేని ఆ పిల్ల ఫోస్టర్ కేర్ కింద, సర్కారు పెంపకానికి అప్పగిస్తే, మా ఇంటికొచ్చి ఏడాదైంది.

రూమ్‌లో ఉండే అకౌంటెంట్ ప్రసాద్ గారిని అడిగాను. "అది పిల్ల ఖర్చుకిచ్చేదండీ, మీ సంపాదన కాదు. టాక్సేం పడదు," అన్నారు.

సాయంత్రం ఆ మాట చెబితే సుజాత నసిగింది. "పైసలెక్కడివని బ్యాంకుల అడిగితే, నువ్వే దుబాయ్ నుంచి పంపుతున్నవని చెప్పిన."

గల్ఫ్ జీతానికి టాక్స్ లేదని మా ఊళ్లో అందరికీ తెలుసు. టాక్స్ తప్పించుకోవడానికే అలా చెప్పిందనుకుని కోపమొచ్చింది. అధికారులు వింటే పిల్ల పైసలు మేం తింటున్నామనుకోరా?

"టాక్స్ పడితే కట్కుందుం," అంది. "సర్కారు పైసలంటే పిల్లను ఎప్పుడన్న వాపస్ అడుగుతరు. నీ పైసలైతే ఎవరడుగుతరు?"

అయినా బ్యాంకుకు వెళ్లి ఉన్నమాట చెప్పమన్నాను. సరేనంది. అంతలో శ్రావణి ఫోన్ అందుకుని, "బాపూ, దుబాయ్‌ల గూడ గిట్లనే ఉడ్కపోస్తదా?" అంది.

బాపూ అనడం ఇదే మొదలు. ఇది ఖతార్ అని సరిదిద్దబుద్ధి కాలేదు.