సూరిబాబు గారి తొందర

బుధవారం, రిగ్గైలో మా రూమ్

షువైఖ్ లాండ్రీలో బాయిలర్ పొద్దున్నే ఆగిపోయింది. బర్నర్ వెలిగినట్టే వెలిగి ఆరిపోతోంది. కొన్నాళ్లుగా తొందరపెట్టి నాకు పని నేర్పుతున్న సూరిబాబు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఇయ్యాళ నేనేం చెప్పను. నువ్వే చూడరా" అన్నారు.

డీజిల్ వస్తోంది. నాజిల్ శుభ్రంగానే ఉంది. మంటను కనిపెట్టే సెన్సర్‌ను బయటికి తీస్తే దాని గాజంతా మసి. తుడిచి పెట్టాను. ఈసారి మంట నిలబడింది.

సూపర్‌వైజర్ నా భుజం తట్టాడు. తర్వాత సూరిబాబు గారి వైపు తిరిగి, "ఇతను నేర్చుకున్నాడుగా. ఇక ఈ దేశంలో ఉండటానికి నీ ఇఖామా కంపెనీ రెన్యూ చెయ్యదు, ఖలాస్" అన్నాడు హిందీలో.

రూముకి తిరిగి వస్తుంటే వ్యానులో ఆయనే అన్నారు, "నాకు ముందే తెల్సురా అబ్బాయ్. అందుకే తొందరపెట్టాను. వచ్చీరాని పనితో నిన్ను బాయిలర్ కాడ ఒక్కణ్ణే వదిలేసి ఎలా ఎల్తాను?"

పని వచ్చిందని ఇంటికి ఫోన్ చేసి చెప్పాల్సిన రోజు ఇది. చెయ్యలేదు. అన్నం తిన్నాను, రుచి తెలియలేదు. ఏడుపూ రావడం లేదు. పక్క మంచం మీద ఆయన ఎప్పటిలాగే నిద్రపోతున్నారు. రేపు పొద్దున మళ్లీ వ్యానులో ఆయన పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో…