నూట మూడు ఎందుకు తగ్గింది?

సోమవారం

పెద్దమ్మకు చిట్టి నమస్కారాలు.

నేను క్షేమం. సంఘం ఆఫీసులో ఫారాల గుట్టల మధ్య నన్ను వెతికి పట్టుకోగలిగినవాళ్లు ఎవరైనా ఇదే మాట చెబుతారు. గురువారం రాష్ట్ర ఎన్నికలు. మా ఎన్నికల పరిశీలన సంఘం తరఫున నాలుగు వందల పన్నెండు బూత్‌లలో ఒక్కొక్కరు కూర్చుంటున్నారు. మీ కాలనీ బూత్‌కి నువ్వు. ఈ కవరులో నీ బ్యాడ్జీ, ఫారం ఉన్నాయి.

నియమాలు మూడే. చూడాలి, రాయాలి, జోక్యం చేసుకోకూడదు. మూడోది నీకు కష్టమని తెలిసే దాని కింద రెండు గీతలు గీశాను.

ఇంకో సంగతి. శిక్షణ రోజున నువ్వు నింపిన నమూనా ఫారం మా అధ్యక్షులవారు చదివారు. "లైనులో గొడవ జరిగిందా?" అన్న ప్రశ్నకి నువ్వు మూడు పేజీలు రాశావు. అందులో ఒక పేజీ నిండా ఆ గొడవపడ్డ మనిషి పుట్టినప్పుడు ఎంత బరువున్నాడో, వాళ్లమ్మ ఎంత అవస్థ పడిందో ఉంది. మా అధ్యక్షులవారు రిటైరైన లెక్కల మాస్టారు, అక్షరాలంటే ఆయనకి మొదట్నుంచీ అనుమానం. కాబట్టి ఫారంలో కథలు వద్దు పెద్దమ్మా. ముందువైపు టిక్కులు పెట్టు. విశేషం ఏదైనా ఉంటే వెనకవైపు టైము వేసి అంకెల్లో రాయి, చాలు. ఫారం ఆ సాయంత్రం బస్సులోనే పంపు. కబుర్లన్నీ నాకు విడిగా పోస్టులో రాయి, తీరిగ్గా చదువుకుంటాను.

ప్రేమతో,
చిట్టి

తా.క. తెల్ల కోటు వేసుకుని వెళ్లకు. ఓటర్లను భయపెట్టడం కిందికి వస్తుంది.


గురువారం సాయంత్రం

చిరంజీవి చిట్టిని పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

అయ్యిందే తల్లీ, మా కాలనీలో ఎన్నిక అయ్యింది! మూతపడ్డ టైర్ల గోడౌనులో, నాలుగు బల్లలు, ఒక అట్టపెట్టె గది, గోడ మీద బాణం గుర్తు. అంతే. అయినా నా కళ్లకి అదే రాజభవనం. ఆరేళ్లు, నలభై ఒక్క అర్జీలు, ఎన్నికల ఆఫీసు మెట్లు అరిగేలా తిరిగాను. ఇన్నాళ్లూ ఓటెయ్యాలంటే పట్టాలు దాటి, కొండ మీది స్కూలుకి ఎక్కాలి. పక్కింటి దర్జీ తాతయ్య మోకాళ్ల మూలాన పన్నెండేళ్లుగా ఓటే వెయ్యలేదు. ఇవాళ తలుపు తీయకముందే కర్ర పుచ్చుకుని వచ్చి కూర్చున్నాడు. ఒక్కటే భయం. ఏ చిన్న తేడా వచ్చినా బూత్ మళ్లీ కొండ మీదికే పోతుందని ఆఫీసు వాళ్లు ముందే చెప్పారు.

కోటు వేసుకోలేదు, నీ మీద ఒట్టు. కానీ ముప్పై నాలుగేళ్లు ఈ కాలనీకి టీకాలు వేసిన చెయ్యి కదా, తలుపు దగ్గర నన్ను చూడగానే ఒక్కొక్కడూ చొక్కా చేతులు పైకి మడవడం మొదలుపెట్టాడు. ఆ లారీ ఓనరు, అంత మీసాలవాడు, పెళ్లాం వెనక దాక్కున్నాడు. "ఓటేరా నాయనా, సూది కాదు" అని ఎంతమందికని చెప్పను?

ఇక అసలు సంగతి. తొమ్మిదింటికి పోలింగ్ ఆఫీసరు ఓటు కాగితం ఇస్తూ ఇస్తూ బల్ల మీద వాలిపోయాడు. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. జోక్యం వద్దన్నావు, నిజమే. ఎదురుగా మనిషి పెనం మీద ఉన్నట్టు కాగుతుంటే నియమాలు ఎవరికి గుర్తుంటాయే? ఇంటికి పంపేద్దామంటే, "నేను లేస్తే పోలింగు ఆగిపోతుందమ్మా, మీ బూత్‌కి చెడ్డపేరు వస్తుంది" అన్నాడు పాపం. అక్కడే కూర్చోబెట్టి గంటగంటకీ జ్వరం చూశాను. మధ్యాహ్నానికి నూట మూడు. సగం మాత్ర, ఆ తర్వాత ఇంకో సగం వేసి, మూడింటికి తొంభై తొమ్మిదికి దించాను. నువ్వు చెప్పినట్టే ఫారం వెనక టైములూ అంకెలూ రాశాను. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, మీ మాస్టారికి చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క. దువ్వెన గుర్తు ఏజెంటు తడిగుడ్డ వేశాడు, నిచ్చెన గుర్తు ఏజెంటు ఓటర్ల జాబితాతో విసిరాడు. ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు ఒకే నుదుటి మీద కలిశారు.


శుక్రవారం, బస్సు ద్వారా

పెద్దమ్మా,

నమస్కారాలు, కుశలాలు అన్నీ తర్వాత. నీ ఫారం అందింది, ఉత్తరం ఇంకా అందలేదు. ముందువైపు టిక్కులు ముత్యాల్లా ఉన్నాయి. వెనక్కి తిప్పితే ఇలా ఉంది: తొమ్మిదికి నూరు, పదికి నూట ఒకటి, పదకొండుకి నూట రెండు, పన్నెండుకి నూట మూడు, ఒంటిగంటకి కూడా నూట మూడు, రెండుకి నూట ఒకటి, మూడుకి తొంభై తొమ్మిది.

మాస్టారు చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పెట్టెలో పడ్డ ఓట్లు పెరుగుతాయి, లేదా ఉన్నచోట ఉంటాయి, తగ్గడం నలభై ఏళ్ల సర్వీసులో చూడలేదంటున్నారు. "నాలుగు ఓట్లు ఎక్కడికి పోయాయి?" అని పొద్దుట్నుంచీ గోడ గడియారాన్ని అడుగుతున్నారు. నూట మూడు ఎందుకు తగ్గింది? ఎవరు తగ్గించారు? ఒక్క ముక్కలో రాయి. కథలు వద్దు.

ఆదుర్దాతో,
చిట్టి

తా.క. అంకెలు చాలన్నది నేనే. ఇప్పుడు ఆయన నన్నూ గడియారాన్నీ ఒకేలా చూస్తున్నారు.


శనివారం, బస్సు ద్వారా

చిట్టికి ఆశీస్సులు.

ఒక్క ముక్కలో: నూట మూడు దాటితే ప్రమాదమని నేనే తగ్గించాను.

పెద్దమ్మ

తా.క. మొదట సగం ఇచ్చాను, ఆగి చూసి మిగతా సగం ఇచ్చాను. ఆఫీసరు కిక్కురుమనకుండా తీసుకున్నాడు. రెండు పార్టీల ఏజెంట్లూ దగ్గరుండి సాయం చేశారు. ఇందులో దాచాల్సిందేముంది?


ఆదివారం, బస్సు ద్వారా

గౌరవనీయులైన పరిశీలకురాలికి,

మీరు పంపిన వాంగ్మూలం సంఘం పరిశీలించింది. పోలైన ఓట్లను మీరే తగ్గించినట్టు, ఆఫీసరుకి రెండు విడతలుగా ముట్టజెప్పినట్టు, ఇరు పార్టీలూ సహకరించినట్టు మీరే ఒప్పుకున్నారు. ఈ దేశంలో రెండు పార్టీలు కలిసి ఒక పని చేయడం ఇదే మొదటిసారి అని అధ్యక్షులవారి అభిప్రాయం. మీ బూత్ పోలింగు రద్దు చేసి, బూత్‌ను ఎత్తివేయాలని ఎన్నికల ఆఫీసుకు ఫిర్యాదు ఇచ్చాం. మంగళవారం విలేఖరుల సమావేశం.

ఇట్లు,
సమన్వయకర్త

తా.క. పెద్దమ్మా, పైదంతా ఆయన చెబుతుంటే రాశాను. ఇది ఆయన కాఫీకి వెళ్లినప్పుడు రాస్తున్నాను. నువ్వు ఇలాంటి పని చేస్తావంటే నా ప్రాణం ఒప్పుకోవడం లేదు. కానీ నీ చేతిరాతే కళ్ల ముందుంది, ఏం చెయ్యను? దయచేసి ఇంకేమీ ఒప్పుకోకు.


సోమవారం

ఏమే చిట్టీ,

"గౌరవనీయులైన" అట, "మీరు" అట! నిన్ను బొడ్డుకోసి చేతిలోకి తీసుకున్నది నేనే. ఆ రోజు కూడా సంఘాన్ని అడిగే చేయాల్సిందా?

రోగం తగ్గించడం నేరమైతే నేను ముప్పై నాలుగేళ్లుగా నేరస్థురాలినే. నూట అయిదు దాకా పోనిచ్చి, ఫిట్స్ వస్తే అది కూడా అంకెల్లో రాయమంటారా మీ మాస్టారు? ఆ ఆఫీసరు నిన్న భార్యని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు, నాలిక చూశాను, శుభ్రంగా ఉంది. మనిషి లేచి తిరుగుతున్నాడు, మీరేమో ఫిర్యాదంటారు!

నా బ్యాడ్జీ తీసుకుపోండి. బూత్ జోలికి మాత్రం రాకండి. ఫిర్యాదు సంగతి తెలిసిన దగ్గర్నుంచీ దర్జీ తాతయ్య వీధి అరుగు మీద కూర్చుని ఆ కొండ వైపే చూస్తున్నాడు.

కోపంతో, అయినా ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క. మాత్ర ఏదని మీ మాస్టారు అడిగితే చెప్పు, ఆయనకీ సగం పంపుతాను.


మంగళవారం

పెద్దమ్మకు వెయ్యి దండాలు.

గురువారం నువ్వు పోస్టు చేసిన ఉత్తరం ఇవాళే వచ్చింది. ఎప్పుడంటే, మాస్టారు మైకు ముందు నిలబడి "ఈ నూట మూడు అనే సంఖ్య ప్రజాస్వామ్యానికే..." అంటుండగా. వెనక నిలబడి చదివాను. "జ్వరం" అన్న మాట చూడగానే పరుగెత్తి ఆయన చేతిలో పెట్టాను. ఆయన మైకు ముందే చదువుకున్నారు. పదిమంది విలేఖరులు కలాలు పట్టుకుని చూస్తున్నారు. చివరికి గొంతు సవరించుకుని, "...ప్రజాస్వామ్యానికే కొంచెం నలతగా ఉన్నట్టు సూచన. ఇప్పుడు తగ్గింది. నమస్కారం" అని దిగిపోయారు.

నన్ను క్షమించు. నీ సంగతి తెలిసీ నేను అంకెలని నమ్మాను, నిన్ను నమ్మలేదు. ఆఫీసు గదిలో తలుపు వేసుకుని ఏడ్చాను.

అయితే గండం గడవలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటామంటే ఎన్నికల ఆఫీసు వాళ్లు కుదరదన్నారు, ఒకసారి ఇచ్చాక విచారణ జరగాల్సిందేనట. రేపు ఓట్ల లెక్కింపు. ఎల్లుండి విచారణాధికారి మీ కాలనీకి వస్తున్నారు. మాస్టారు కూడా వస్తానంటున్నారు, తప్పు ఒప్పుకోవడానికి.

నీ చిట్టి

తా.క. రేపటి పేపర్లో హెడ్డింగు ఏం వస్తుందోనని మాస్టారికి ఒళ్లు వెచ్చబడింది. తొంభై తొమ్మిది. డిగ్రీలు.


శుక్రవారం

నా బంగారు చిట్టిని మనసారా ఆశీర్వదించి రాయునది.

నిన్న విచారణ జరిగింది. గోడౌనులో అవే నాలుగు బల్లలు. మీ మాస్టారు రాగానే చేతులు జోడించి, "డిగ్రీలని ఒక్క మాట రాసుంటే సరిపోయేదమ్మా" అన్నారు. "కథలు వద్దన్నది మీరే కదండీ" అన్నాను. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. మంచాయనే. నా జ్వరం చార్టు పట్టుకుని, చాలా చక్కగా వేశారని మెచ్చుకున్నారు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. విచారణాధికారి మాత్రం నవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని, "వచ్చాను కాబట్టి లెక్క చూస్తాను" అన్నాడు. ఓటు వేయడానికి వచ్చి పేర్లు టిక్కు పెట్టించుకున్నవాళ్లు ఆరు వందల పన్నెండు. బుధవారం లెక్కించిన ఓట్లు ఆరు వందల పదకొండు.

"ఒకటి తక్కువ ఉంది."

అప్పుడే కూర్చున్న మీ మాస్టారు మళ్లీ లేచి నిలబడ్డారు. దువ్వెన, నిచ్చెన ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. కాలనీ అంతా బయట నిలబడి ఉంది, ఎవరూ అడక్కుండానే సిరా చుక్క పెట్టిన వేళ్లు పైకెత్తి. "ఓటు వేయడానికి వచ్చిన మనిషి ఉన్నాడు, ఓటు లేదు. ఆ మనిషెవరో తేలకపోతే రద్దుకే రాయాలి" అన్నాడు అధికారి. దర్జీ తాతయ్య మెట్టు మీద చతికిలబడిపోయాడు. ఆరేళ్లు తిరిగిందంతా బూడిదలో పోసినట్టేనని నాకు కళ్లు తిరిగాయి. ఆ తిరగడంలో నా చేతివేలు నాకే కనబడింది.

చిట్టీ, ఆ ఓటు నాదే.

గురువారం తొమ్మిదింటికి లైను పలచబడితే నేనూ వెళ్లి నిలబడ్డాను. పేరు టిక్కు పెట్టారు, సిరా వేశారు, కాగితం కోసం చెయ్యి చాపాను. ఇవ్వబోయిన ఆఫీసరు బల్ల మీద పడిపోయాడు. ఇక నాకు కాగితం లేదు, ఎన్నిక లేదు, ఒక్క నూట మూడే. సాయంత్రం పెట్టెకి సీలు వేస్తుంటే చప్పట్లు కూడా కొట్టాను. ఆరేళ్లు పోరాడి బూత్ తెప్పించి, అందులో ఓటు వేయడం మర్చిపోయిన మనిషిని ఎక్కడైనా విన్నావా?

లేచి చెప్పేశాను. విచారణకి వచ్చిన మన పోలింగ్ ఆఫీసరు మిగిలిన కాగితాల కట్ట విప్పి లెక్కపెట్టాడు. ఒకటి ఎక్కువే ఉంది. అప్పుడు నవ్వాడే ఆ విచారణాధికారి! కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వాడు. తర్వాత రాసిన కాగితం పైకి చదివి వినిపించాడు: పోలింగులో ఏ లోపమూ లేదు, బూత్‌ను ఇక్కడే శాశ్వతంగా ఉంచాలి.

మొదట నా ఓటు పోయిందని ఏడుపొచ్చింది. బయటికి వస్తే దర్జీ తాతయ్య కర్ర పడేసి నా రెండు చేతులూ పట్టుకున్నాడు, ఇంక దేనికి ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. అంత సంతోషం నేను ఎన్నడూ ఎరగను తల్లీ.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క. వచ్చే ఎన్నికలకి బ్యాడ్జీ ఇంకెవరికైనా ఇవ్వు. నేను ఓటెయ్యాలి.