పాటిల్ పెట్టిన ఊచబియ్యం

కామాటిపుర, బొంబాయి
జనవరి 1986

మా ఇంటాయనకు రత్నాబాయి దండాలు పెట్టి రాసేది. ఇక్కడ అత్తమ్మ, నారాయణ, నేను బాగానే ఉన్నాం. ఘాట్ కొండల మీద చలి ఎక్కువంటారు. చెవులకు గుడ్డ కట్టుకుంటూ మీరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మీరు అడిగినవి ముందు చెప్పేస్తాను. అత్తమ్మ మోకాలు నయం. మెట్లు దిగి ఫోరస్ రోడ్డు దాకా పోయి తన ఆకూ వక్కా తనే తెచ్చుకుంటోంది. మన గదులున్న ఈ చాల్ పైకప్పు పెంకులు ఇంకా మార్చలేదు, అద్దె వసూలు చేసే సేటుతో పోట్లాట నడుస్తూనే ఉంది. నారాయణ తెలుగు బడికి పోతున్నాడు గానీ ఇంట్లో మాట్లాడేదంతా మరాఠీయే. "నాయినకు ఉత్తరం రాయాలె గదరా, తెలుగుల జెప్పు" అని అత్తమ్మ అంటే, నాయనకు మరాఠీ వస్తుందిగా అని వాడి జవాబు. మీకు మరాఠీ ఎంత బాగా వస్తుందో నాకూ ఈమధ్యే తెలిసింది. ఆ సంగతికే వస్తున్నాను.

సర్కారు టూరిస్టు గుడిసెలు కడుతున్నానని, మేస్త్రీ లేకపోతే పని ఆగిపోతుందని, ఉగాదికి కూడా రాలేనని రాశారు కదా. అది విని అత్తమ్మ ఏడ్చింది. నాకు కోపమొచ్చింది. ఇంతలో, మీరు వెళ్లాక పక్కగదిలో దిగిన శాంతాబాయి బస్సు డిపోలో ఒక పోస్టరు చూసి వచ్చింది. పట్నం వాళ్లకు పల్లెటూరు చూపించడానికి సర్కారు తన డబ్బు వేసుకుని చవక ఛార్జీకి బస్సు నడుపుతోందట. ఎడ్లబండి ఎక్కిస్తారట, చేనులో కూర్చోబెట్టి పచ్చి జొన్నకంకులు కాల్చి, నలిపి ఊచబియ్యం పెడతారట. ఊరి పేరు అడిగితే మీ కవరు మీదున్న పేరే చెప్పింది. ఇంకేం, మిమ్మల్ని హడలగొట్టి వద్దామని ఆదివారం శాంతాబాయితో బస్సెక్కాను. అత్తమ్మతో వర్లిలో చిన్నమ్మ ఇంటికని చెప్పాను.

గుడిసెలు బాగున్నాయి. గోడలన్నీ మీ చేతివేనని శాంతాబాయికి గొప్పలు కూడా చెప్పాను. తర్వాత మమ్మల్ని చేను గట్టుకు తీసుకెళ్లారు. అక్కడ మంట దగ్గర ఎర్ర తలపాగా, తెల్ల ధోవతి, భుజాల మీద శాలువాతో ఒక మనిషి. "ఈ ఊరి రైతు, పాండురంగ్ పాటిల్" అన్నాడు బస్సుతో వచ్చిన గైడు. కామాటిపురలో పుట్టి, బండి మీద అమ్మే మక్కకంకి తప్ప ఇంకో కంకి ఎరుగని మీరు పాటిల్! సరదాకి వేషం కట్టారనుకుని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

పెళ్లయిన నాటి నుంచి మీ పేరు నా నోట రాలేదు. ఈ పేరు మీది కాదుగా! ఆశ ఆగలేదండీ. కొంగు మొహం మీదికి లాక్కుని "ఏయ్ పాండురంగ్!" అని పిలిచాను. మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది, ఒళ్లు ఝల్లుమంది. మీరు తల వంచుకునే వచ్చి, ఎడమచేత్తో పిడికెడు ఊచబియ్యం అందించబోయారు. నేను ఊరుకోవద్దూ? "ఎడమచేత్తో పెడతావా, కుడిచెయ్యి లేదా?" అని మరాఠీలో దబాయించాను. బస్సువాళ్లంతా నవ్వారు.

మీరు శాలువా కింది నుంచి కుడిచెయ్యి తీసి గింజలు అందులో పోసుకున్నారు. వేళ్లు ముడుచుకోలేదు. గింజలు సగం నా పాదాల మీద పడ్డాయి. "మాఫ్ కరా, తాయీ" అన్నారు, క్షమించు అక్కా అని.

అలా నోరు పారేసుకున్న ఆడది నేనే. నన్ను క్షమించండి.

అక్కడే కొంగు తీసేద్దామనుకున్నాను. జనం ముందు మీ తల ఇంకా వంగిపోతుందని భయమేసింది. వంటల దగ్గర యాదయ్య అని పాలమూరు కూలీ తెలుగు మాట్లాడుతుంటే, ఎవరో పరాయిదానిలా మీ చేతి సంగతి అడిగాను. "దసరా ఎన్క పరంజి మీదికెల్లి వడ్డడమ్మా. ఎముక అతికింది గని తాపీ వట్టరాదు. మేస్త్రీ అని పేరువడ్డోణ్ణి, ఇగ ఇంటికి ఏం మొఖం వెట్టుకొని పోదునంటడు" అన్నాడు. మీ అక్షరాలు వంకరపోతే పెన్ను మంచిది కాదని రాశారు, నేనూ నమ్మాను. బస్సులో బొంబాయి దాకా ఏడుస్తూనే ఉన్నాను. వాంతి వస్తోందనుకుని శాంతాబాయి నిమ్మకాయ ఇచ్చింది.

మీకు బుద్ధుందా అసలు? నేను తాపీని చూసి చేసుకున్నానా మిమ్మల్ని? తలపాగా కట్టి నలుగురికి పెట్టే పనిలో సిగ్గేముంది? ఇష్టమైతే చేయండి, లేదంటే మానేయండి. ఉగాదికి మాత్రం రండి. ఆ చేతికి నూనె రాసి కాపడం పెట్టడానికి ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లం ఉన్నాం.

మిగిలిన గింజలు కొంగున కట్టుకొచ్చి, చిన్నమ్మ ఇచ్చిందని అత్తమ్మకు పెట్టాను. నమిలి మొహం చిట్లించింది. "అన్ని మాడ్చిండు గదనే! ఎవడే గా రైతు?" అంది. నేను చెప్పలేదు. మీరే వచ్చి చెప్పుకోండి.

మీరు మెట్లెక్కేటప్పుడు పాండురంగ్ అని పిలవను. ఆ పేరుకు మీరు తలెత్తలేదు. మీ సొంత పేరు పెట్టి పిలుస్తాను, అత్తమ్మ వింటే విననీ, చాల్ వాళ్లంతా విననీ. అప్పుడు తలెత్తి నా మొహం చూడాలి మీరు.

ఇట్లు,
తాయిని కాదు, మీ ఇంటిదాన్ని,
రత్నాబాయి