గాజులున్న కుడిచెయ్యి

మలగా, స్పెయిన్
మే 4

మామయ్యకు తనూజ నమస్కారాలు.

గ్రైండర్ మోతకు నీ చెవులు పోయాక, ఫోనులో నీకు ఏదైనా చెప్పడమంటే మీ వీధి మొత్తానికి చెప్పడమే. అందుకే ఉత్తరం రాసి, ఫొటో తీసి మీ పక్క జిరాక్సు షాపు కరుణకు పంపుతున్నాను. ప్రింటు తీసి ఇస్తుంది.

నిన్న క్లాసులు లేవు. పొద్దున్నే ఇక్కడి మ్యూజియానికి వెళ్ళాను. తెనాలిలో నీ విగ్రహాల షెడ్డులో తిరుగుతున్నట్టే ఉంది, కాకపోతే దుమ్ము లేదు, ఎవరూ బీడీ కాల్చడం లేదు. రోమన్ల కాలం నాటి ఒక పాలరాతి ఆవిడ దగ్గర ఆగిపోయాను. ఒక చెయ్యి మణికట్టు దగ్గర విరిగిపోయి ఉంది. జనమంతా ముచ్చటగా చూస్తున్నారు. నేను మాత్రం ఆ విరిగిన చోటునే చూస్తూ ఉండిపోయాను. ఆవిడ పక్కన నిలబడి దిగిన ఫొటో కూడా పంపుతున్నాను.

మామయ్యా, చెయ్యి విరగ్గొట్టింది నేనే. భయమేసి నోరెత్తకుండా వచ్చేశాను. నేరం ఇంకొకరి మీద పడింది. ఇంతకన్నా ఇప్పుడు రాయలేను.

అక్కణ్ణించి సముద్రం దగ్గరికి వెళ్ళి సాయంత్రం దాకా కూర్చున్నాను. మన సూర్యలంకలాగే నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, మిరపకాయ బజ్జీలే లేవు. చాలాసేపు ఏడ్చాను.

నీ మేనకోడలు,
తనూజ

తా.క.: బాపట్లలో అమ్మకు చెప్పకు. ఏడ్చిన సంగతి కాదు, బజ్జీలు లేని సంగతి. వెంటనే పార్సిల్ కడుతుంది.


తెనాలి
మే 15

చిరంజీవి తనూజకు మామయ్య బ్రహ్మానందం దీవెనలు.

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. పరాయి దేశంలో, అంత పెద్ద చోట, బొమ్మ మీద చెయ్యి ఎందుకు వేశావమ్మా? బొమ్మను కళ్ళతోనే చూడాలని చిన్నప్పటి నుంచీ మొత్తుకుంటున్నాను. సరే, అయిందేదో అయింది. విరిగిన ముక్కను నీళ్ళలో కలపడానికే సముద్రం దగ్గరికి వెళ్ళావని అర్థమైంది. ఆ ఒక్క పనీ పద్ధతిగా చేశావు. భిన్నమైనది దగ్గర ఉంచుకోకూడదు.

నేరం పాపం అక్కడి వాచ్‌మన్ మీద పడి ఉంటుంది. అది మంచిది కాదు. మన తప్పు ఇంకొకడి నెత్తిన వేస్తే, మోసేవాడి కన్నా వేసినవాడే ఎక్కువ నలుగుతాడు. నాకు తెలుసులే.

కొత్త చెయ్యి తయారైంది, పార్సిల్‌లో పంపాను. నీకోసం పన్నెండేళ్ళుగా తొక్కని గడప తొక్కాను, నా చేతులు ఈమధ్య వణుకుతున్నాయి కనుక. వాచ్‌మన్ భోజనానికి వెళ్ళినప్పుడు అతికించు. ఎవరైనా అడిగితే తెనాలి నుంచి వచ్చానని చెప్పు, పని తెలిసిన మనిషి అనుకుంటారు.

ఇట్లు,
మామయ్య

తా.క.: ఫొటోలో ఆవిడకు ముక్కు కొన కూడా లేదు. అదీ నువ్వేనా?


మలగా
మే 30

మామయ్యకు నమస్కారాలు.

పార్సిల్ అందింది. ఇక్కడి కస్టమ్స్ ఆఫీసువాళ్ళు పెట్టె విప్పి, నన్ను పిలిపించి, మిగతా మనిషి ఎక్కడని అడిగారు. బొమ్మ చెయ్యని నమ్మించడానికి గంట పట్టింది.

మ్యూజియం ఆవిడ చెయ్యి పోయి ఎన్ని వందల ఏళ్ళయిందో వాళ్ళకే తెలియదు. ముక్కూ అంతే. పైగా ఆవిడకు లేనిది ఎడమ చెయ్యి. నువ్వు పంపింది కుడిచెయ్యి, దానికి రెండు గాజులు. రోమన్ ఆవిడకు గాజులేంటి మామయ్యా అని నవ్వుకుంటూ తిప్పి చూశాను. చూపుడువేలు మీద కత్తిపీట కోసిన మచ్చ కనిపించింది. నవ్వు ఆగిపోయింది. అది అమ్మమ్మ చెయ్యి.

నేను విరగ్గొట్టిందీ అదే. ఏడో తరగతి సెలవుల్లో, సంవత్సరీకానికి నువ్వు చేసిన అమ్మమ్మ బొమ్మ చెయ్యి పట్టుకుని ఊగాను. ఊడి కిందపడింది. జరిపేటప్పుడు విరగ్గొట్టాడని నువ్వు లాజరు బాబాయిని నలుగురిలో తిట్టావు. ఇరవై ఏళ్ళు నీ దగ్గర పనిచేసిన మనిషి, సంచి తీసుకుని రేపల్లె వెళ్ళిపోయాడు. నేను సిమెంటు బస్తాల వెనక దాక్కుని చూస్తూనే ఉన్నాను.

ఆయన్ను వెతికి నిజం చెప్పు మామయ్యా. క్షమించమని అడగడానికి నాకు ముఖం లేదు.

తనూజ

తా.క.: ఆ మచ్చ సంగతి అమ్మకే గుర్తులేదట. నీకెలా గుర్తుంది?


తెనాలి
జూన్ 8

చిరంజీవి తనూజకు దీవెనలు.

ఆ చెయ్యి నేను చెయ్యలేదమ్మా. నిన్ను పోలీసులు పట్టుకుపోతారని భయమేసి రేపల్లె బస్సెక్కాను. లాజరు ఇప్పుడు వాకిట్లో సిమెంటు జాలీలు పోసుకుంటున్నాడు. రెండు రోజుల్లో ఒక ఆడమనిషి చెయ్యి కావాలన్నాను. ఎందుకని అడగలేదు. “కూర్చోండి గురువుగారూ” అని కుర్చీ వేశాడు. పేపరు చుట్టి ఇస్తే, సిగ్గుతో విప్పి చూడకుండానే నీకు పంపేశాను. మా అమ్మ బొమ్మకే అనుకున్నాడు. మచ్చ గుర్తున్నది అతనికి.

ఇక నా సంగతి. పన్నెండేళ్ళ పిల్ల ఊగితే ఊడాల్సిన చెయ్యి కాదది. సంవత్సరీకానికి రెండు రోజులే ఉందని, మణికట్టులో ఇనుప ఊచ పెట్టకుండా పోత పోశాను. పెడదామని లాజరు అన్నాడు, నేనే వినలేదు. చెయ్యి పడగానే ఊచ లేదన్న సంగతి నలుగురూ చూస్తారని ముందుగా అతని మీద అరిచాను. భిన్నమైనది ఉంచకూడదని నీకు నీతులు చెప్పినవాణ్ణి, అమ్మ బొమ్మను ఇన్నేళ్ళూ గుడ్డ కప్పి దాచాను.

నిన్న నీ ఉత్తరం తీసుకెళ్ళి అతనికి చదివి వినిపించాను. నువ్వు ఊగడం ఆ రోజే చూశాడట. “పాప పేరు చెబితే పాపకు దెబ్బలు, ఊచ సంగతి చెబితే మీకు తలవంపు. ఇక మిగిలింది నా పేరే కదండీ” అన్నాడు. ఆ జాలీల మధ్య కూర్చుని ఏడ్చాను. చెయ్యంటే అతికించవచ్చు, ఆ పన్నెండేళ్ళు ఎవరమూ తేలేం.

ఇట్లు,
మామయ్య

తా.క.: ఆ చెయ్యి జాగ్రత్తగా తిరిగి పంపు. పెట్టె మీద అమ్మమ్మ చెయ్యి అని మాత్రం రాయకు. అతికించడానికి లాజరు వస్తానన్నాడు. ఒక్కటే షరతు: ఊచ అతను పెడతాడట, నేను కుర్చీలో కూర్చుని చూడాలట.