కూలిన సొరంగం తవ్వుతారట

విరోధి సంవత్సరం, కార్తీక మాసం, బుధవారం రాత్రి, కోదాడ

బెజవాడ నుంచి మేస్త్రీ కూలీల కోసం వచ్చాడు. కాలువ అడుగున రైలు పోయే ఆ పాత సొరంగానికి ఇక మరమ్మతులు చేయరట. కాలువ నీళ్లు కట్టేసి, కూలిన చోటంతా తవ్వి, మళ్లీ కొత్తగా కడతారట. నిరుటి వానల్లో నా కొడుకు సైదులు మీద కూలింది ఆ చోటే. మిగతా కూలీలను బయటికి తీశారు. వాడు దొరకలేదు.

"ఆడోళ్లకు సగం కూలేనా? మరి తట్టల మట్టి గూడ సగమే ఎత్తుతవా?" అని కోడలు లచ్చమ్మ మేస్త్రీని నిలదీసింది. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే తన పేరు రాయించేసింది.

లోపలికి పిలిచి, "నువ్వెందుకే గాడికి?" అన్నాను.

"మట్టిల ఆయన దండకడియం కనబడితే గుర్తువట్టేటోళ్లు ఉండాలె గద అత్తా. ఇంకెన్నొద్దులు నేను గిట్ల?" అని నొసటి బొట్టు చూపించింది.

ఆ బొట్టు తీయనివ్వనిది నేనే. శవం దొరకనిదే గాజులు పగలగొట్టనివ్వనని కులపెద్దలతో తగువాడాను. వాడు లోపలికి దూకిన కాలువ నీళ్లలో ఎటో కొట్టుకుపోయి బతికే ఉంటాడని నాకో ఆశ. లచ్చమ్మ వయసులో ఉన్న పిల్ల. వాడు మట్టిలో దొరికితే మారుమనువుకు పోవచ్చు. దొరికితే నాకిక కొడుకు లేడు.

పొద్దున బండిలో నేనూ పోతాను. మొదటి పార దిగేటప్పుడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుంటానో, పార ఎత్తినవాడి చెయ్యి పట్టుకుని ఆపుతానో...